సీలింగ్ లైట్లు కొంటున్నారా? ముందు లైటుని వెనక్కి తిప్పండి.. చౌక లైట్ల అసలు లెక్క ఇదీ!

గృహప్రవేశం రోజు హాల్లో సీలింగ్ లైట్లన్నీ ధగధగా వెలుగుతాయి. ఫొటోలు, వీడియోలు, రీల్స్ అన్నీ అదిరిపోతాయి. ఏడాది తిరిగేసరికి చూస్తే నాలుగు ఆగిపోయి ఉంటాయి, రెండు మిణుకుమిణుకుమంటూ ఉంటాయి, ఒకటేమో స్విచ్ ఆపినా మసగ్గా వెలుగుతూనే ఉంటుంది. తెనాలి - రేపల్లె రైలు మార్గంలో ఉన్న వేమూరు లాంటి మండల కేంద్రాల్లో కొత్తగా ఇల్లు కట్టుకున్న వాళ్లని కదిపి చూడండి. ఈ బాధ ఎక్కడో ఒకచోట వినపడుతుంది.

ఒకప్పుడు హాలుకి ఒక ట్యూబ్‌లైట్, వంటింటికి ఒక బల్బు ఉంటే సరిపోయేది. ఇప్పుడు పల్లెటూరి ఇంట్లోనూ పీఓపీ సీలింగ్ మామూలైపోయింది. సీలింగ్ వచ్చిందంటే అందులో రంధ్రాలు కోసి బిగించే డౌన్‌లైట్లు కూడా వచ్చినట్టే. మూడు గదుల ఇంటికి ఇరవై, ముప్పై లైట్లు ఇట్టే పట్టేస్తాయి. అప్పటికే ఇసుక, సిమెంటు, టైల్స్ అంటూ చేతిలో డబ్బులు అయిపోయి ఉంటాయి. చివర్లో మిగిలేది లైట్లే. అక్కడే అందరూ చెయ్యి బిగపడతారు. జంపని, చావలి నుంచైనా, వేమూరు నుంచైనా తెనాలి వెళ్తే కౌంటర్ మీద రెండు రకాలు పెడతారు. రెండూ వెలిగించి చూపిస్తారు. రెండూ ఒకేలా వెలుగుతాయి. ఒకటి సగం రేటు. 'లోకల్ మాలే గానీ బానే ఉంటది, తీసుకెళ్లండన్నా' అంటారు. మరి ఏది తీసుకుంటాం?

సమస్య అంతా ఇక్కడే ఉంది. షాపులో వెలుగు చూసి లైటు నాణ్యత చెప్పడం దాదాపు అసాధ్యం. కొత్తలో ఏ ఎల్‌ఈడీ అయినా బాగానే వెలుగుతుంది. తేడా తెలిసేది వెనక ఉన్న సరుకులో. ఆ వెనక భాగం ఒకసారి సీలింగ్‌లోకి వెళ్లిపోయాక ఎవరూ చూడరు.

పది రూపాయల బల్బు గుర్తుందా?

చౌక అనగానే నాసిరకం అనుకోవడం కూడా తప్పే. దానికి సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మొదలుపెట్టినప్పుడు తొలి విడతకు ఎంచుకున్న జిల్లాల్లో గుంటూరు ఒకటి. అప్పటికి వేమూరు గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్‌లో. పాత బల్బులు ఇచ్చేస్తే 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, ఒక్కోటి 10 రూపాయలకు ఇచ్చారు. ఇంటింటికీ ఎల్‌ఈడీ అలవాటైంది అప్పుడే.

ఆ పదీ జనం కట్టింది మాత్రమే, అసలు ధర కాదు. అయితే అసలు ధర కూడా ఎంతలా పడిపోయిందో చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014 మొదట్లో ఒక్కో బల్బును 310 రూపాయలకు కొన్నది. 2016 నాటికి అది 38 రూపాయలకు దిగింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతా పంచిన బల్బులు 36 కోట్లు దాటాయి. కోట్ల సంఖ్యలో ఒకేసారి టెండర్ వేయడం, ముందే స్పెసిఫికేషన్ రాసిపెట్టడం, సరుకుని పరీక్షించి తీసుకోవడం, పాడైతే మార్చి ఇవ్వాలన్న షరతు పెట్టడం.. ఇవన్నీ ఆ రేటు వెనక ఉన్నాయి.

అంటే అక్కడ రేటు తగ్గినా అడిగేవాడు ఒకడున్నాడు. సీలింగ్ లైటు విషయంలో ఆ అడిగేవాడు లేడు. మీ తరఫున టెండర్ వేసేవాళ్లు ఉండరు, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పంపేవాళ్లు ఉండరు. కౌంటర్ ముందు మీరు, మీతో వచ్చిన ఎలక్ట్రీషియన్.. అంతే. 2022 జులై 18 నుంచి ఎల్‌ఈడీ లైట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది. బిల్లు లేకుండా అమ్మేవాడికి, బిల్లుతో అమ్మేవాడికి మధ్య తేడా అప్పటినుంచి ఇంకాస్త పెరిగింది. నిజాయతీగా పన్ను కట్టి అమ్మే చిన్న దుకాణదారుకి ఇది నిజంగా ఇబ్బందే.

నూటికి 71

2017లో నీల్సన్ సంస్థ ఢిల్లీ, ముంబై, అహ్మదాబాద్, హైదరాబాద్ నగరాల్లో 200 ఎలక్ట్రికల్ షాపుల్లో సర్వే చేసింది. బల్బుల బ్రాండ్లలో 76 శాతం, డౌన్‌లైట్ల బ్రాండ్లలో 71 శాతం భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. ఈ లెక్కలు బయటపెట్టింది లైట్ల కంపెనీల సంఘం ఎల్కోమా. లోకల్ మాల్ మీద అనుమానం పెరిగితే పెద్ద కంపెనీలకు లాభమే కాబట్టి, ఆ సంగతి కూడా మనసులో పెట్టుకునే చదవాలి. పైగా పాత లెక్క. అయినా హైదరాబాద్ లాంటి చోటే అలా ఉంటే, అక్కడి హోల్‌సేల్ నుంచి సరుకు వచ్చే చిన్న ఊళ్లలో అంతకంటే గొప్పగా ఉండేదని నమ్మడం కష్టం.

మరి చట్టం లేదా? ఉంది. సీలింగ్‌లో బిగించే ఎల్‌ఈడీ లైట్లను 2017లోనే తప్పనిసరి రిజిస్ట్రేషన్ జాబితాలో చేర్చారు. బీఐఎస్ దగ్గర నమోదు కాకుండా వీటిని తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు. లైటు మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 10322 అనే ప్రమాణం నంబరు, దాంతోపాటు 'ఆర్' అక్షరంతో మొదలై ఎనిమిది అంకెలున్న రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఐఎస్ చట్టం 2016 ప్రకారం ఉల్లంఘిస్తే మొదటిసారి కనీసం 2 లక్షల రూపాయల జరిమానా లేదా రెండేళ్ల వరకూ జైలు. కాగితం మీద ఇంత గట్టి చట్టం ఉంది. మండల కేంద్రంలో షాపుకొచ్చి పెట్టె తిప్పి చూసేవాళ్లే అరుదు.

మీ చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఆ పని మీరే చేయొచ్చు. 'బీఐఎస్ కేర్' అనే యాప్‌లో ఆ ఆర్ నంబరు కొడితే ఏ కంపెనీ పేరు మీద, ఏ వస్తువుకి, ఏ బ్రాండ్‌కి ఇచ్చారో వచ్చేస్తుంది. నంబరు ఉందా లేదా అని చూసి ఊరుకోకండి. బల్బుకి తీసుకున్న నంబరుని డౌన్‌లైట్ పెట్టె మీద అచ్చు వేస్తే? వేరే కంపెనీ నంబరు అయితే? యాప్‌లో కనిపించే బ్రాండ్, వస్తువు పేరు మీ చేతిలో ఉన్నదానితో కలవాలి. డ్రైవర్ విడిగా వైరుకి వేలాడుతూ వస్తే, దాని మీద దాని నంబరు వేరే ఉండాలి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. ఈ నంబరు ఉంటే లైటు పదేళ్లు వస్తుందని కాదు. ఇది ప్రధానంగా భద్రతకి సంబంధించిన ప్రమాణం. షాక్ కొట్టకూడదు, వేడికి కరగకూడదు, మంట అంటుకోకూడదు.. అంతవరకే. వెలుగు నాణ్యత, మిణుకు, మన్నిక దీంతో తేలవు. అలాగని పక్కన పెట్టేదీ కాదు. ఆ కనీస పరీక్షకే వెళ్లని సరుకు మిగతా వాటిలో బాగుంటుందని ఎలా అనుకుంటాం?

పోయేది లైటు కాదు.. డ్రైవర్!

పాత ట్యూబ్‌లైట్‌కి చోక్ ఎలాగో ఎల్‌ఈడీకి డ్రైవర్ అలాగ. మన ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటుని చిప్‌లకు కావాల్సిన డీసీగా మార్చేది అదే. డబ్బు మిగిల్చుకోవాలనుకున్న తయారీదారు ముందుగా చెయ్యి పెట్టేది కూడా అక్కడే. లైటు ఆగిపోయిందని పారేస్తాం గానీ, చాలాసార్లు చిప్‌లు బాగానే ఉంటాయి, పోయింది డ్రైవరే అయి ఉంటుంది.

డ్రైవర్‌లో బలహీనమైన భాగం కెపాసిటర్. దాని శత్రువు వేడి. మామూలు లెక్క ఏంటంటే, ప్రతి 10 డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్‌ని తీసుకుందాం. అది 65 డిగ్రీల్లో ఉంటే దాదాపు 32,000 గంటలు వస్తుంది. రోజుకి ఆరు గంటల చొప్పున 14 ఏళ్ల పైమాట. అదే కెపాసిటర్ 85 డిగ్రీల్లో మగ్గితే 8,000 గంటలే.. మూడున్నర ఏళ్లు. భాగం మారలేదు, వేడి మారింది అంతే. మే నెలలో రోజంతా ఎండకు కాగిన స్లాబ్ కింద, గాలి ఆడని సీలింగ్ లోపల ఆ డ్రైవర్ ఉంటుందని గుర్తు చేసుకోండి.

అందుకే లైటుని చేతిలోకి తీసుకుని బరువు చూడండి. ఒకే వాట్లు, ఒకే సైజు ఉన్న రెండు లైట్లలో తేలిగ్గా ఉన్నదాన్ని అనుమానించాలి. వెనక అల్యూమినియం ఉంటే వేడిని బయటికి లాగుతుంది. మొత్తం ప్లాస్టిక్ అయితే, లేదా అల్యూమినియం రంగు పూసిన రేకు అయితే వేడి లోపలే ఉండిపోతుంది. బరువు ఒక్కటే చూసి నిర్ణయించేయకండి, మంచి ప్లాస్టిక్ బాడీలు కూడా ఉన్నాయి. కానీ కౌంటర్ ముందు నిమిషంలో చేయగలిగిన పరీక్షల్లో ఇంతకంటే పనికొచ్చేది తక్కువ.

ఇంకో రకం ఉంది. విడిగా డ్రైవర్ ఉండదు, చిప్‌లు ఉన్న ప్లేటు మీదే రెండు మూడు చిన్న భాగాలు అతికించి నేరుగా మెయిన్స్‌కి కలిపేస్తారు. మరీ చౌక వాటిలో ఇది ఎక్కువ. వెలుగుతుంది, రేటూ తక్కువే. కానీ వోల్టేజ్ ఒక్కసారిగా ఎగిరినప్పుడు దెబ్బ నేరుగా చిప్‌లకే తగులుతుంది. చిప్‌లన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి కాలినా వరస మొత్తం ఆరిపోతుంది. ఆగిపోయిన లైటు ముందు అద్దం తీస్తే ఒక చిప్ మీద చిన్న నల్ల చుక్క కనపడుతుంది చూడండి, అదే. అంతకంటే ముఖ్యం, ఇలాంటి వాటిలో చిప్‌ల ప్లేటుకీ మెయిన్స్‌కీ మధ్య అడ్డు ఏమీ ఉండదు. వెలుగుతున్నప్పుడు మూత తీసి ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మెయిన్ ఆపకుండా ఏ సీలింగ్ లైటునీ విప్పొద్దు.

కాస్త మంచి లైట్ల పెట్టె మీద ఇన్‌పుట్ వోల్టేజ్ '100 నుంచి 300' అని, సర్జ్ '2.5 కేవీ' అని, కొన్నింటి మీద '4 కేవీ' అని రాసి ఉంటుంది. ఎండాకాలం సాయంత్రాలు లో వోల్టేజ్, ఉరుములు మెరుపుల రోజుల్లో హై వోల్టేజ్ చూసే ఊళ్లకి ఈ రెండు అంకెలు వాట్ల కంటే ముఖ్యం.

15 వాట్లు అంటారు.. నిజమేనా?

దీన్ని ఇంట్లోనే పట్టేయొచ్చు. కరెంటు మీటర్ మీద చిన్న ఎర్ర లైటు బ్లింక్ అవుతూ ఉంటుంది కదా, దాని పక్కన యూనిట్‌కి ఎన్ని బ్లింకులో రాసి ఉంటుంది. చాలా మీటర్ల మీద 3200 అని ఉంటుంది. మీ మీటర్‌ మీద ఎంతుందో చూసుకోండి. ఫ్రిజ్, ఫ్యాన్లు, సెట్‌టాప్ బాక్స్, అన్నీ ఆపేసి '15 వాట్లు' అని అమ్మిన లైట్లు పది మాత్రమే వేయండి. మొత్తం 150 వాట్లు. 3200 మీటర్ అయితే నిమిషానికి 8 సార్లు బ్లింక్ అవ్వాలి. ఐదు నిమిషాలు లెక్కపెడితే 40. అలా కాకుండా 25 మాత్రమే వచ్చాయంటే? ఒక్కో లైటు తొమ్మిదిన్నర వాట్లే తాగుతోందన్నమాట. 15 వాట్ల డబ్బులు తీసుకుని తొమ్మిది వాట్ల లైటు ఇచ్చారు.

'తక్కువ కరెంటు తాగితే మంచిదే కదా' అనొచ్చు. వెలుగు అంతే వస్తే మంచిదే. వెలుగుని కొలిచేది ల్యూమెన్లలో. వాట్‌కి 100 ల్యూమెన్లు ఇచ్చే లైటు 15 వాట్లకి 1,500 ఇస్తుంది, 60 ఇచ్చేది 900 ఇస్తుంది. పెట్టె మీద వాట్లు పెద్ద అక్షరాల్లో ఉండి ల్యూమెన్లు అసలు లేకపోతే, ఎందుకు రాయలేదో ఊహించుకోవచ్చు.

ఫోన్‌తో ఇంకో పరీక్ష ఉంది, వీడియోలు తీసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. స్లో మోషన్ పెట్టి లైటు వైపు ఒక ఐదు సెకన్లు తీయండి. చౌక లైటు అయితే వీడియోలో టకటకా కొట్టుకుంటూ కనిపిస్తుంది, లేదా నల్ల చారలు పరుగెడతాయి. మన కరెంటు సెకనుకి 50 సార్లు మారుతుంది కాబట్టి నాసిరకం డ్రైవర్ ఉన్న లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతూ ఉంటుంది. కంటికి తెలియదు. కానీ దాని కింద గంటలు గంటలు చదివే పిల్లలకి కళ్లు లాగడం, తలనొప్పి రావొచ్చు. ఫోన్‌లో స్లో మోషన్ లేకపోతే లైటు కింద పెన్ను పట్టుకుని గబగబా ఊపండి. పెన్ను మసగ్గా ఒక విసనకర్రలా కనిపిస్తే పర్లేదు, విడివిడిగా నాలుగైదు పెన్నులు కనిపిస్తే ఆ లైటు పిల్లల గదికి వద్దు. వరండాకి, మెట్ల దగ్గరకి అయితే సర్దుకోవచ్చు.

రంగు సంగతి ఆడవాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పట్టుచీర షాపులో ఒకలా, ఇంటికొచ్చాక ఇంకోలా కనపడటం అందరికీ అనుభవమే. పెట్టె మీద సీఆర్ఐ అని ఉంటే 80 కంటే ఎక్కువ ఉండాలి. రాయకపోతే మీ అరచెయ్యి లైటు కింద పెట్టి చూడండి. పాలిపోయినట్టు, కాస్త పచ్చగా కనపడితే ఎరుపు సరిగ్గా లేదన్నట్టే. వీడియో కాల్‌లో ముఖాలు జబ్బు పడినట్టు కనపడటానికి ఫోన్ కెమెరా ఒక్కటే కారణం కాదు.

లైటుది కాని తప్పులు

అన్నీ లైటు మీదే నెట్టేయకూడదు. స్విచ్ ఆపినా మసగ్గా వెలుగుతోందంటే చాలాసార్లు అది వైరింగ్ తప్పు. స్విచ్‌ని ఫేజ్‌కి బదులు న్యూట్రల్‌కి కలిపినా అలా అవుతుంది. అప్పుడు స్విచ్ ఆపినా లైటు దగ్గర కరెంటు ఉంటుంది, ప్రమాదం. స్విచ్‌లో ఇండికేటర్ ఉన్నా కొద్దిగా వెలగొచ్చు. ముందు ఎలక్ట్రీషియన్‌తో టెస్టర్ పెట్టించి చూడండి.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో గొడవ. చౌక ఇన్వర్టర్లు ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు మీద నాసిరకం డ్రైవర్లు జుయ్‌మని మోత పెడతాయి, వేడెక్కుతాయి. కరెంటు ఉన్నప్పుడు బాగున్న లైటు, పోయినప్పుడు పాడవుతుంది. మొత్తం కొనేముందు రెండు లైట్లు తెచ్చి ఇన్వర్టర్ మీద గంటసేపు వేసి చూడటం మంచిది.

కృష్ణా డెల్టాలో వరి పొలాల మధ్య ఉండేవాళ్లకి దీపపు పురుగుల సంగతి తెలిసిందే. లైటు అంచుకీ అద్దానికీ మధ్య సందు ఉంటే వర్షాకాలం వెళ్లేసరికి లోపల పురుగుల కుప్ప నల్లగా కనపడుతుంది. దాన్ని తీయాలంటే లైటు విప్పాలి. అంచు చుట్టూ గోరు తిప్పి చూస్తే సందు తెలిసిపోతుంది. ఇదే పెద్ద కంపెనీ లైట్లలో కూడా కొన్నిసార్లు ఉంటుంది, పేరు చూసి వదిలేయొద్దు.

మిగిలేదెంత? పోయేదెంత?

లెక్క వేద్దాం. ముప్పై లైట్లు. ఒక్కోటి 90 రూపాయలది అనుకుంటే 2,700. 210 రూపాయలది అనుకుంటే 6,300. తేడా 3,600. గృహప్రవేశానికి వారం ముందు అది పెద్ద మొత్తమే, కాదనలేం. కానీ రెండేళ్లలో పది లైట్లు పోతే? లైట్లకి 900. ఎలక్ట్రీషియన్ ఒకసారి వచ్చి పది మార్చడు, పోయినప్పుడల్లా ఒక్కోటి మార్చడానికి రావాలి. ఆ కూలీ లైటు ధరని మించిపోతుంది. పీఓపీ అంచు విరిగితే పట్టీ, దాని మీద పెయింట్. మిగిల్చిన 3,600 కరిగిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

డబ్బులు నిజంగా సరిపోకపోతే మా సలహా లైట్ల సంఖ్య తగ్గించమని. ముప్పై చోట్ల పద్దెనిమిది పెట్టండి, రిజిస్ట్రేషన్ ఉన్నవి పెట్టండి. సీలింగ్ డిజైన్ చేసేవాళ్లకి రంధ్రాలు ఎక్కువ ఉంటేనే అందం. వెలుగుకి అన్ని అక్కర్లేదు.

పెట్టె మీద '25,000 గంటలు' అని ఉంటుంది. రోజుకి ఆరు గంటలు అనుకుంటే 11 ఏళ్లు. పక్కనే వారంటీ చూడండి, ఒక ఏడాది. తన సరుకు మీద తయారీదారుకి ఉన్న నమ్మకం ఎంతో ఆ రెండో అంకె చెబుతుంది. రెండేళ్ల వారంటీ రాసి, స్టాంపు వేసి, బిల్లు ఇస్తానన్న షాపులో పది రూపాయలు ఎక్కువైనా తీసుకోవచ్చు. నోటిమాట గ్యారంటీ ఆ షాపు కుర్రాడు మారిపోతే మారిపోతుంది. కంప్యూటర్ బిల్లు అక్షరాలు ఆరు నెలల్లో చెరిగిపోతాయి కాబట్టి కొన్న రోజే ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల లేకపోతే ఆ సరుకు ప్యాకింగ్ నిబంధనలకే విరుద్ధం. వారంటీలో ఉన్నా మార్చనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. దొంగ ఆర్ నంబరు అయితే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. కానీ వీటన్నిటికీ ముందు అడిగేది ఒక్కటే.. బిల్లు ఉందా?

కొనేటప్పుడు రెండు మూడు లైట్లు ఎక్కువ తీసుకుని అటక మీద పెట్టుకోండి. మూడేళ్ల తర్వాత అదే మోడల్ దొరకదు. దొరికినా రంధ్రం కొలత అర అంగుళం తేడా వస్తుంది, తెలుపు కూడా వేరే తెలుపు. హాల్లో పదకొండు లైట్లు ఒక రంగు, పన్నెండోది ఇంకో రంగు అయితే వచ్చిన చుట్టం కన్ను ముందు దాని మీదే పడుతుంది.